ఒక చేను, మూడు సాళ్లు

"ఈ సాల్ సాళ్లు సాలలే."

బోధన్ పక్కన ఒక ఊళ్లో కౌలుకు చెరకు వేసిన చాచా అన్న మాట ఇది. 2001 ప్రాంతంలో, మేము విలేకరితనం మొదలుపెట్టిన కొత్తలో, చెరకు రైతుల మీద వార్త రాయడానికి పోతే అన్నాడు. ఈ సంవత్సరం వేసిన చాళ్లు చాలలేదు, చెరకు అమ్మిన డబ్బులు అప్పుకు సరిపోలేదు అని ఆయన చెప్పింది. మేము ఆయన నోటి మాటను ఆయన నోటి మాటగానే రాసి పంపించాం. డెస్కు మీదున్న పెద్దమనిషి చదివి, "సాల్ ఏమిటండీ? తెలుగులో రాయడం నేర్చుకోండి" అని తనే దిద్దాడు. మర్నాడు పత్రికలో ఇట్లా అచ్చయింది: "ఈ ఏడు చాళ్లు చాలలేదు."

చదివినవాళ్లంతా చాచాకు ఉన్నవే ఏడు చాళ్లు అనుకున్నారు. ఊరు ఊరంతా నవ్వింది. వారం తర్వాత కనబడితే చాచా కూడా నవ్వుతూనే అడిగాడు: "ఏం బేటా, మూడెకరాల తోట పెడితి గద. మీ పేపర్ల ఏడు సాళ్లే అయిపాయె?"

మేమూ నవ్వాం. కానీ ఇన్నేళ్లయినా ఆ దిద్దుబాటు మమ్మల్ని వదలలేదు. పరాయి మాట అని ఒకదాన్ని తీసేశారు. దాని చోట సొంత మాట పెట్టారు. ఆ సొంత మాటకే రెండు పుట్టుకలున్నాయని మాత్రం ఎవరూ చూడలేదు. సంవత్సరం అనే 'ఏడు' పాత తెలుగులో 'యాండు'. అంకె 'ఏడు' వేరు, దాని మూలం వేరు. రెండూ అరిగి అరిగి ఒకే రూపానికి వచ్చాయి. తెలుగు ఇంట్లోనే ఇద్దరు ఏడులున్నా ఎవరినీ ఎవరూ "నువ్వెక్కడి నుంచి వచ్చావు?" అని అడగలేదు. సాల్‌ను మాత్రం అడిగారు. జవాబు వినకుండానే గెంటేశారు.

ఈ వ్యాసం ఆ గెంటివేత గురించి. దాంతో పాటు, గెంటివేతకు జవాబుగా మా వాళ్లు చెప్పే గొప్పల గురించి, మా మిత్రులు చెప్పే ఓదార్పుల గురించి కూడా. మూడింటిలోనూ ఒకే పొరపాటు ఉన్నదని మాకనిపిస్తుంది.

1

ముందు చాచా వాక్యంలోని మూడు మాటల పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం.

సాళ్లు అంటే చాళ్లు. నాగలి గీసిన గీత చాలు. తమిళంలో, మలయాళంలో కూడా ఇది 'చాల్'. కన్నడంలో 'సాల్', 'సాలు'. కన్నడిగులు వరసను కూడా సాలు అనే అంటారు. తెలుగు రాతలో చ, తెలంగాణ నోటిలో స. బోధన్, నిజామాబాద్ పల్లెల్లో 'సాలు పట్టు' అంటారే గాని ఎవరూ 'చాలు' అని పలకరు.

సాలలే అంటే చాలలేదు. ఈ చాలు సరిపోవడం అనే చాలు. తమిళంలో 'చాల్' అంటే నిండుగా ఉండటం, తగి ఉండటం. కన్నడంలో 'సాలు' అంటే సరిపోవడం. చూడటానికి నాగలి చాలూ ఇదీ ఒకటే. ఒకే అక్షరాలు, ఒకే పలుకు. కానీ బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు 1961లో తెచ్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో ఇవి రెండూ రెండు వేరు పద్దులు. 1984లో సవరించి మళ్లీ అచ్చు వేసినప్పుడూ ఆ రెండింటినీ కలపలేదు. అంటే అచ్చమైన ద్రావిడ మాటలే అయినా ఒక తల్లి బిడ్డలుగా వాళ్లు లెక్కపెట్టలేదు. పక్కపక్కన ఉన్నాయంతే.

ఇక సాల్. సంవత్సరం. ఇది పారసీకం. సుల్తానుల కాలం నుంచి దక్కన్ దఫ్తర్లలో ఉంది. ఫసలీ సాలు, సాలీనా, సాలుసరి అన్న మాటలు తెలుగు కాగితాల్లో ఇప్పటికీ కనబడతాయి. 'ఫసల్' అంటే పంట. పంటల లెక్కన శిస్తు వసూలు చేయడానికి పెట్టిన సంవత్సరం ఫసలీ. హైదరాబాద్ రాజ్యంలో దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వచ్చేది. మా ఇళ్లలో పుట్టినరోజును 'సాల్‌గిరహ్' అంటాం. గిరహ్ అంటే ముడి. ఏడాదికొక ముడి చొప్పున దారానికి వేసుకుంటూ వయసు లెక్కపెట్టిన కాలం నాటి మాట అది.

ఇంతవరకు డెస్కు మీది పెద్దమనిషి చెప్పిందే నిజమనిపిస్తుంది. సాలు మనది, సాల్ వాళ్లది. కానీ కొంచెం ముందుకు పోదాం. పారసీక 'సాల్' పాత ఇరానీ భాషల్లో 'సరద్' వంటి రూపంలో ఉండేది. సంస్కృతంలో దాని తోబుట్టువు 'శరద్'. శరత్కాలం అన్నప్పటి శరద్ అదే. వేదకాలంలో శరద్ అంటే ఋతువే కాదు, సంవత్సరం కూడా. నూరు శరత్తులు బతకమని దీవించేది అందుకే. పురోహితుడు పెళ్లిలో చెప్పే శరత్తూ, మా నానమ్మ వేసే సాల్‌గిరహ్ ముడీ ఒక గూటి పక్షులు.

ఇది చెవికి ఇంపుగా ఉందని కట్టిన కథ కాదు. సంస్కృతంలో శ ఉన్నచోట పారసీకంలో స రావడం ఒక పద్ధతి. శతం అక్కడ 'సద్'. శతాబ్దాన్ని మేము 'సదీ' అనేది అందుకే. పాత ఇరానీలో ర, ద కలిసిన చోట పారసీకంలో ల రావడం ఇంకో పద్ధతి. సంస్కృతంలో 'హృద్' అంటే గుండె. దాని ఇరానీ తోబుట్టువు అరిగి 'దిల్' అయింది. హృదయానికి దిల్ ఎట్లాగో శరత్తుకు సాల్ అట్లాగే. ఒక మాటలో జరిగిన మార్పు అటువంటి ఇతర మాటల్లోనూ జరిగితేనే చుట్టరికం. భాషాశాస్త్రం అడిగే సాక్ష్యం ఇదే. చెవికి ఒకేలా వినబడటం సాక్ష్యం కాదు.

వినబడటం ఎంత మోసమో తెలియాలంటే ఒక్క మాట చాలు. మేము 'బద్' అంటాం, చెడు అని. బద్నాం, బద్మాష్ తెలుగులోకీ వచ్చాయి. ఇంగ్లీషువాడు 'బ్యాడ్' అంటాడు, చెడు అనే. పలుకూ ఒకటే, అర్థమూ ఒకటే. అయినా ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు. కాకతాళీయం. అదే బిరాదర్, భ్రాత, ఇంగ్లీషు బ్రదర్ నిజంగానే చుట్టాలు. మనిషి నోరు పలికే ధ్వనులు కొన్నే, మాటలు వేలకు వేలు. చిన్న చిన్న మాటలు అక్కడొకటి ఇక్కడొకటి ఢీకొనక తప్పదు. లాటిన్‌లో 'సాల్' అంటే ఉప్పు. కన్నడంలో 'సాల' అంటే అప్పు. మా వీధుల్లో 'సాలా' అంటే బావమరిది, నోరు జారితే తిట్టు. సాలార్‌జంగ్ పేరులోని 'సాలార్' అంటే సేనాపతి, ఆయనకు సంవత్సరంతో పనిలేదు.

లెక్క ఎట్లా తేలిందో చూడండి. ఒకేలా ఉన్న రెండు 'సొంత' మాటలకు ఒకదానితో ఒకటి చుట్టరికం లేదు. 'పరాయి' మాటకేమో వేదభాషలో తోబుట్టువు ఉంది. పుట్టుక అడిగి ఇంట్లోకి రానిచ్చే కాపలావాడు ఇప్పుడు ఎవరిని బయట నిలబెట్టాలి?

2

ఆ కాపలావాడు నిన్న మొన్న పుట్టినవాడు కాదు. చిన్నయసూరి 1858లో రాసిన బాలవ్యాకరణం తెలుగు మాటల్ని తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగు తెగలు చేసింది. ఉర్దూ, పారసీ, అరబ్బీ నుంచి వచ్చిన వాటికి పండితులు 'అన్యదేశ్యం' అని వేరే చావడి చూపించారు. సంస్కృతం నుంచి వచ్చిన మాట తెలుగుతో 'సమం'. పారసీకం నుంచి వచ్చింది 'అన్యం'. రెండూ తెలుగుకు బయటి నుంచి వచ్చినవే. ద్రావిడ కుటుంబానికి రెండూ బయటివే. ఒకదానికి పీట, ఇంకోదానికి గడప బయట చెప్పుల చోటు.

జనం మాటంటే మక్కువ ఉన్న బ్రౌన్ దొర కూడా ఈ గోడను పూర్తిగా దాటలేదు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. కచేరీ మాటలకు, అన్యదేశ్యాలకు 'మిశ్రభాషా నిఘంటువు' అని విడిగా ఇంకో పుస్తకం 1854లో వేశాడు. ఆ మాటల్ని పోగొట్టకుండా దాచినందుకు ఆయనకు మేము రుణపడి ఉంటాం. కానీ వాటిని వేరే సంపుటంలో కూర్చోబెట్టడంలో ఒక తీర్పు ఉంది. 'మిశ్ర' అన్న ముద్ర ఉంది. అదే కాలంలో తెలుగులో సంస్కృతం కలవలేదా? అది మిశ్రమం కాలేదు. భాష అయింది.

ముద్ర వల్ల వచ్చే నష్టం నిఘంటువుల్లో ఆగిపోదు. చెరకు రైతు బతుకునే తీసుకోండి. భూమి కౌలు. కాగితం దస్తావేజు. తూకం కాటా. డబ్బు జమ. రానిది బకాయి. చేతికొచ్చేది రసీదు. వీటిని తీసేసి ఆయన గోడు ఆయన చెప్పుకోలేడు. ఈ మాటల్లో కొన్నింటి కథ విన్నారంటే మా పెద్దమనిషి కూడా కాస్త ఆగేవాడేమో. 'కౌలు' అరబ్బీ 'ఖౌల్'. పలికిన మాట, ఇచ్చిన మాట అని అర్థం. ఈ భూమి నువ్వు చేసుకో, ఇంత ఇవ్వు అని మాట ఇవ్వడం వల్ల కౌలు అయింది. ఆ ఖౌల్ నుంచే ఖవ్వాలీ వచ్చింది. కౌలు రైతు, ఖవ్వాలీ గాయకుడు ఒకే మాట పొట్టన పుట్టారు. సాలు, సాల్ ఒకేలా ఉండి చుట్టాలు కారు. కౌలు, ఖవ్వాలీ పోలికే లేకుండా చుట్టాలు. పైకి చూసి పుట్టుక చెప్పేవాళ్లు మనుషుల దగ్గర ఎంత తప్పుతారో మాటల దగ్గరా అంతే తప్పుతారు.

మా సాహిత్యం మీద ఎప్పుడూ ఒక ఫిర్యాదు ఉంటుంది. ఉర్దూ ఎక్కువైంది, అర్థం కావడం లేదు అని. మేము కూడా పేజీ అడుగున ఒక్కో మాటకు అర్థం రాసి ఇచ్చుకుంటూ వచ్చాం. నాలుగు గజాల సంస్కృత సమాసానికి అడుగున అర్థం ఇమ్మని ఎవరూ ఏ కవినీ అడగగా మేము చూడలేదు. ఖాదర్ మొహియుద్దీన్ 1991లో తన దీర్ఘకవితకు 'పుట్టుమచ్చ' అని తేటతెలుగు పేరు పెట్టాడు. 1998లో వచ్చిన ముస్లింవాద కవితా సంకలనానికి 'జల్‌జలా' అని అరబ్బీ పుట్టుక పేరు. రెండూ తెలుగు పుస్తకాలే. రెండూ మా పుస్తకాలే. ఒకటి మమ్మల్ని తెలుగువాళ్లను చేసిందనీ, రెండోది మమ్మల్ని దూరం జరిపిందనీ అనుకునేవాళ్లు పేరు చూసి పుస్తకం మూసేసినవాళ్లు.

3

ఇంతవరకు అవతలివాళ్ల సంగతి. మా ఇంటి సంగతి కూడా చెప్పుకోకపోతే ఇది విమర్శ కాదు, వకాల్తా అవుతుంది.

ఉర్దూ మీడియం బళ్లో చదువుకున్న రోజుల్లో మేము 'నక్కో' అంటే మాస్టరు మొట్టికాయ వేసేవాడు. "నక్కో నహీఁ, నహీఁ చాహియే బోలో" అని. నక్కో మరాఠీ నుంచి మా దక్కనీలోకి వచ్చిన మాట. మా అమ్మ మాట. మా బోధన్ మాట, మరాఠ్వాడా గడప మీది ఊరు కదా. ఆ మాస్టరు దృష్టిలో అది చెడిపోయిన ఉర్దూ. లక్నో, ఢిల్లీ నుంచి వచ్చిందే ఉర్దూ. అంటే తెలుగు డెస్కు మీద సాల్‌ను కొట్టేసిన ఎర్ర కలం కంటే ముందు, ఉర్దూ బళ్లో నక్కోను కొట్టేసిన ఎర్ర కలం ఉంది. రెండు కలాల్లోనూ సిరా ఒకటే. మేము రెండు చోట్లా తప్పు మాట మాట్లాడే పిల్లలమే.

మా పెద్దల దగ్గర ఇంకో జబ్బు ఉంది. తియ్యనిదల్లా మేమే తెచ్చామని. శక్కర్‌నగర్ పేరు చూపించి, చూశావా, చక్కెర కూడా మా 'శకర్' నుంచే అనేవాళ్లు. తిరగేసి చూస్తే కథ వేరు. సంస్కృత 'శర్కర' ఇరాన్‌కు పోయి 'శకర్' అయింది. అక్కడి నుంచి అరబ్బుల దగ్గర 'సుక్కర్', ఆ దారినే పోయి ఇంగ్లీషు 'షుగర్' అయింది. ఇటు తెలుగులో 'చక్కెర' అయింది. నిజాం కాలంలో శకర్ మళ్లీ మంజీరా పక్కకు వచ్చి ఒక ఊరికి పేరైంది. అదే ఇంటి మాట, దేశాలు తిరిగి వేషం మార్చుకొని వచ్చింది. మేము 'చీనీ' అనేది చీనా దేశం పేరు, 'మిస్రీ' అనేది మిస్ర్ అంటే ఈజిప్టు పేరు. రాయలసీమలో చీని అంటే బత్తాయి పండు. ఒక్క తీపి చుట్టూ ఇన్ని దేశాలు తిరుగుతున్నాయి. గొప్ప ఎవరిదని చెప్పుకుందాం?

నిజామాబాద్ పేరు దగ్గరా అంతే. 'ఆబ్' అంటే నీళ్లు, నీళ్లున్న చోటు కనుక 'ఆబాద్' అని మా వాళ్లు చెప్పే ముచ్చట వినడానికి బాగుంటుంది. నిజం కాదు. ఆబాద్ అంటే జనంతో కళకళలాడే చోటు. పాత ఇరానీలో కాపాడటం అనే అర్థమున్న 'పా' ధాతువు నుంచి వచ్చింది. సంస్కృతంలో నృపుడు, భూపుడు అన్న మాటల చివర ఉన్నది దాని తోబుట్టువే. ఆ ఊరి పాత పేరు ఇందూరు. మాకు రెండు పేర్లూ ఇష్టమే. ఒక పేరు పలికితే ఇంకో పేరు చెరిగిపోవాలని కోరేవాళ్లతోనే మా పేచీ.

4

ఇక మా మిత్రుల సంగతి. వీళ్లను విమర్శించడం అన్నిటికంటే కష్టం. ఎందుకంటే వాళ్లు మావైపు నిలబడ్డవాళ్లు.

కొన్నేళ్ల కింద ఒక సభలో ఒక లౌకికవాద మిత్రుడు మా మాటల గురించి ఎంతో ప్రేమగా మాట్లాడాడు. రైతు గీసే సాలూ, ఉర్దూలో సాలూ ఒకటే మాట, కాలం నేల మీద గీసిన చాలే సంవత్సరం, అందుకే మనం ఒకటే అన్నాడు. చప్పట్లు మోగాయి. మేమూ కొట్టాం. ఇంటికొచ్చాక నిఘంటువులు తిరగేశాం. ప్లాట్స్ దొర 1884 నాటి ఉర్దూ నిఘంటువులో ప్రతి మాట ముందూ దాని పుట్టుకకు గుర్తుగా ఒక అక్షరం ఉంటుంది. పారసీ సాల్ ముందు పారసీ గుర్తే ఉంది. బరో, ఎమెనోల చాలుకూ దానికీ పొత్తు లేదు. మిత్రుడు చెప్పింది మంచి కవిత్వం. సత్యం కాదు.

అయితే ఏం పోయింది, మంచి కోసమే కదా అనవచ్చు. పోయేది ఉంది. పుట్టుక ఒకటి కాబట్టి కలిసి ఉందాం అన్నవాడు, పుట్టుక వేరు కాబట్టి వెళ్లిపొమ్మన్నవాడు అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతున్నాడు. ప్రశ్న తప్పు అని చెప్పడం లేదు. రేపు ఎవరో ఒక పండితుడు లేచి, ఈ రెండు మాటలకూ సంబంధం లేదు అని రుజువు చేస్తాడు. చేస్తే? అప్పుడు మా చెలిమి కూడా కొట్టివేతేనా? వంశవృక్షం మీద కట్టిన స్నేహం ఆ వృక్షం కూలితే కూలుతుంది.

మాకూ ఇట్లాంటి ఓదార్పులే దొరుకుతుంటాయి. మీరూ ఒకప్పుడు మావాళ్లే కదా, మతం మారారంతే అంటారు. ప్రేమతోనే అంటారు. మా తాతల తాతల్లో చాలామంది ఈ నేలవాళ్లే. నిజమే. కొందరు ఇరాన్ నుంచీ, అరబ్బు దేశాల నుంచీ వచ్చి ఉంటారు. అదీ నిజమే. కానీ వచ్చినవాళ్ల పిల్లలకు ఈ ఊళ్లో సగం హక్కూ, మారినవాళ్ల పిల్లలకు పూర్తి హక్కూ ఉంటుందా? మా హక్కు మా పూర్వీకుల చిరునామా మీద ఆధారపడి లేదు. సాల్ అన్న మాట శరద్‌కు చెల్లెలు కాబట్టి తెలుగులో ఉండనివ్వమని మేము అడగడం లేదు. చెల్లెలు కాకపోయినా ఉంటుంది. చాచా నోట ఉంది కాబట్టి ఉంటుంది.

పైన మేము శరద్ చుట్టరికం అంత ఇష్టంగా ఎందుకు చెప్పినట్టు మరి? పుట్టుక మీదే తీర్పు చెప్పేవాళ్ల లెక్క వాళ్లకే తప్పుతుందని చూపించడానికి. మా అర్హతా పత్రంగా కాదు.

5

అయితే, ఏ చుట్టరికమూ లేని ఈ మూడు మాటల్ని చాచా నోట ఒక్క వాక్యంలో కలిపిందెవరు?

చెరకు.

చెరకు సాళ్లలో వేసే పంట. ముచ్చెలు కోసి సాలు వెంట పరుస్తారు. అది మూడు నాలుగు నెలల పంట కాదు. పది పన్నెండు నెలలు నేలను పట్టుకొని ఉంటుంది. ఒక సాలుకు ఒక సాల్. చివరికి కాటా మీద నిలబెట్టి చూసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: సాలిందా, సాలలేదా? సాలు, సాల్, సాలడం ఈ మూడూ లేకుండా చెరకు రైతు లెక్క పూర్తి కాదు. ఆ మాటలు ఒకదానికొకటి చుట్టాలు కాదు. పనిలో జోడీలు.

ఆ చెరకు ఈ నేలకు ఇంతగా ఎట్లా వచ్చిందో అందరికీ తెలిసిందే. మంజీరా మీద 1923లో మొదలుపెట్టిన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దాని ఇంజనీరు. నీళ్లొచ్చాక చెరకు పెరిగింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. శక్కర్‌నగర్ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందిన ఫ్యాక్టరీ అది. దాని గేటు దగ్గర తెలుగు రైతు బండి తోలుకొని నిలబడ్డాడు. దఫ్తర్లో ఉర్దూ గుమస్తా రసీదు రాశాడు. చెరకు నరకడానికి మరాఠ్వాడా కూలీలు వచ్చారు. ఎవరి భాష వాళ్లు మాట్లాడుతూనే ఒకరి మాటలు ఒకరు పట్టుకున్నారు.

అక్కడ పుట్టిన నాలుగో మాట ఒకటుంది. చాలూ. మిషన్ నడుస్తుంటే చాలూ. ఆగితే బంద్. ఉర్దూలో, మరాఠీలో చాలూ అంటే నడుస్తున్నది. 'చల్‌నా' దాని మూలం, మన చలనం దాని బంధువు. తెలుగు చాలుకూ దీనికీ దీర్ఘం ఒక్కటే తేడా. కానీ అర్థాలు దాదాపు ఎదురెదురు. చాలు అంటే ఇక ఆపమని. చాలూ అంటే నడుస్తూనే ఉందని. ఇంత దగ్గరి పలుకున్న ఇంత దూరపు మాటలు శక్కర్‌నగర్‌లో ఒకే షిఫ్టులో పనిచేశాయి. ఎవరికీ తికమక కాలేదు. తికమక ఎప్పుడూ దూరాన కూర్చొని దిద్దేవాళ్లకే.

2002లో ఆ ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో బోధన్‌తో పాటు మెట్‌పల్లి, మెదక్ యూనిట్లకూ తాళాలు పడ్డాయి. 2019లో లిక్విడేషన్ ఆర్డరు వచ్చింది. మళ్లీ తెరిపించే దారి చూడటానికి 2024లో ప్రభుత్వం కమిటీ వేసింది. ఈ మధ్య కాలంలో చెరకు తోటలు పోయి వరి వచ్చింది, సోయా వచ్చింది. వరి మడిలో సాళ్లుండవు, నాట్లుంటాయి. వరికి సాల్ లెక్క అక్కరలేదు. వానకాలం, యాసంగి అంటే సరిపోతుంది. చాచా వాక్యాన్ని చాచా కొడుకు ఇప్పుడు అనలేడు. అనాల్సిన అవసరం లేదు. ఏ ఎర్ర కలమూ కొట్టేయకుండానే ఆ మూడు మాటలు విడిపోయాయి.

మా బాధ ఇక్కడ ఉంది. ఎనభై ఏళ్లకు దగ్గరగా మూడు భాషల మాటల్ని ఒక్క నోట పలికించిన ఫ్యాక్టరీకి తాళం పడుతుంటే, ఫలానా మాట ఎవరిది, ఫలానా ఊరి పేరు ఎవరిది అన్న పేచీకి దొరికినంత గొంతు దానికి దొరకలేదు. ఫ్యాక్టరీ పోతే హిందువుకు సగం, ముస్లింకు సగం అని పోలేదు. అందరికీ పూర్తిగా పోయింది. మాటలను కాపాడాలనుకునేవాళ్లు, అది తెలుగు పండితులైనా ఉర్దూ మాస్టర్లైనా, ముందు ఆ మాటలు పుట్టిన పనిని కాపాడమని అడిగి ఉండాల్సింది. మేమూ పత్రికలో ఉండి అడగాల్సినంత అడగలేదు. ఆ తప్పు మాది కూడా.

చాచా ఇప్పుడు లేడు. ఆయన కొడుకు రెండెకరాల్లో వరి వేస్తున్నాడు. మొన్న బోధన్ బస్టాండులో కలిసి చాయ్ తాగించాడు. పత్రికలో ఉంటాం కాబట్టి మాకేదో తెలుస్తుందని ఆయన ఆశ. మేము ఏదో ఒకటి చెప్పాలి కదా అని, ఫ్యాక్టరీ చాలూ చేస్తారంటున్నారు అన్నాం.

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ప్రతి సాల్ ఇదే అంటున్నరు భాయ్. సాలు. ఇగ చాలూ అయిననాడే చెప్పు."

ఈ మాటను ఎవరూ దిద్దకుండా ఇక్కడ అచ్చు వేయించగలిగాం.